ఆరో వేలి కోసం అర్దియా దాకా

శుక్రవారం ఉదయం తొమ్మిదీ పదికి సల్వాలో మా కఫీల్ (వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని) ఇంటి వెనక గేటు నుంచి బయటపడ్డాను. చేతిలో ఒక కవరు, కవర్లో ఒక ఫోటో. ఫోటోలో ముగ్గురు మనుషులున్నారు. వాళ్ళలో ఒకరి చేతికి ఆరు వేళ్ళున్నాయి. ఆ ఆరో వేలు నిజమైనదో కాదో సాయంత్రం ఇషా నమాజు లోపల తేల్చుకుని రావాలి. కువైట్‌లో చూడదగినవి చాలా ఉన్నాయంటారు, సముద్రమనీ టవర్లనీ. నేను చూడడానికి బయల్దేరింది వేలు.

సంగతి మొదటి నుంచి చెప్పాలి. నా పేరు రమణ, మాది రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా ఈ ఇంటికి డ్రైవరును. మా కఫీల్ తండ్రిని అందరం బాబా అంటాం. ఎనభై రెండేళ్ళ మనిషి. రోజూ సాయంత్రం ఇంటి ముందు గదిలో ఆయన స్నేహితులు, చుట్టాలు పది పన్నెండు మంది చేరతారు. ఆ గదిని దివానియా అంటారు. వాళ్ళు మాట్లాడుకుంటారు, నేను చాయ్ పోస్తాను. పదకొండేళ్ళలో అక్కడ మంత్రులు మారారు, నూనె ధర పడింది, లేచింది, కానీ బాబా చెప్పే విషయం మాత్రం మారలేదు. అది బక్ హాలరన్ జీవిత చరిత్ర.

బక్ హాలరన్ అంటే అమెరికాలో నలుపు తెలుపు సినిమాల కాలంలో గుర్రం మీద తిరిగిన హీరో. ఆయన సినిమా నేను ఒక్కటీ చూడలేదు. అయినా ఆయన మూడో భార్య పెళ్ళి రోజు ఏ రంగు కారు అడిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను (లేత పచ్చ). ఆయన పుట్టుక, చెప్పుల కొట్లో గుమాస్తాగిరీ, గుర్రాల మీద నుంచి పడడం, హీరో కావడం, వయసు మళ్ళి సినిమాలు తగ్గడం, చివరకు ఎయిర్ కూలర్ల ప్రచారానికి దేశాలు తిరగడం, అన్నీ వరసగా చెప్పి బాబా ఒకే చోట ఆపేవాడు. "తర్వాత కువైట్ వచ్చాడు. హోటల్లో నా పక్కన నిలబడి చాయ్ తాగాడు, నాలుగు చెంచాల చక్కెరతో." తర్వాత ఏమైందని ఎవరైనా అడిగితే ఆయనకు కోపం. "నాతో చాయ్ తాగాక ఇంక ఆయన చేయాల్సింది ఏముంది?"

దానికి సాక్ష్యం ఆ ఫోటో, ఒక పక్క బాబా, ఒక పక్క బక్ హాలరన్, నడుమ చాయ్ పట్టుకున్న ఎవరో పనివాడు. నలభై ఏళ్ళ పైమాట కదా, పసుపు పట్టి, నడుమ పగిలి, బొద్దింకలు అంచులు తిని ఉండేది. పోయిన నెల నాకు పుణ్యం చేసుకోవాలని బుద్ధి పుట్టింది. దాన్ని రిగ్గైలో మా ఊరి వైపు వాడైన బాషా స్టూడియోకు తీసుకుపోయి బాగుచేయమన్నాను.

బాషాన్న పని మీకు తెలియాలి. మొగుడు ఇక్కడ, పెళ్ళాం అక్కడ ఉన్నవాళ్ళ విడివిడి ఫోటోలు తెచ్చిస్తే ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెడతాడు. ఐదేళ్ళుగా కలవని తండ్రి ఒళ్ళో బిడ్డను పెడతాడు. వెనక మంచు కొండ, జలపాతం, నీళ్ళలో రెండు హంసలు తప్పనిసరి. మా జిల్లాలో సగం ఇళ్ళలో గోడ మీద ఉన్న సంసారాలు బాషాన్న కలిపినవే. బాగుచేయడమంటే అదేనని ఆయన నమ్మకం. బాబా ఫోటోకూ అదే చేశాడు. హోటల్ గోడ పోయి మంచు కొండ వచ్చింది. ముగ్గురి ముఖాలూ పాలల్లో ముంచినట్టు తెల్లబడ్డాయి. బక్ హాలరన్ కాళ్ళ దగ్గర హంసలు ఈదుతున్నాయి.

బాబా చూసి సంతోషపడ్డాడు. దివానియాలో గోడకు తగిలించాడు. ఎనిమిది రోజుల కింద, గురువారం, ఆయన తమ్ముడి కొడుకు ఫైసల్ వచ్చాడు. ముప్పై ఐదేళ్ళవాడు, కంప్యూటర్ల ఉద్యోగం, తెలియని విషయం లేదు. సెల్‌ఫోన్లో ఫోటో తీసి, పెద్దది చేసి చూసి నవ్వాడు. "చూడండి, నడుమ చాయ్ పట్టుకున్న మనిషికి ఆరు వేళ్ళు. కంప్యూటర్ చేసిన దొంగ బొమ్మల్లో వేళ్ళ లెక్క తప్పుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇంతకాలం మనకు కథలు చెప్పి, ఇప్పుడు రమణ చేత సాక్ష్యం చేయించాడు పెదనాన్న." పన్నెండు మందీ పొట్టలు పట్టుకుని నవ్వారు.

ఆ రోజు నుంచి బాబా నోరు విప్పలేదు. నేను బయల్దేరే ముందు రాత్రి మందులు ఇస్తుంటే మెల్లగా అన్నాడు. "ఆ ఫోటో తీసేయ్ రమణా. ఆయన నిజంగా వచ్చాడా, నేనే అనుకున్నానా అని నాకే అనుమానం వస్తోంది."

తప్పు నాది. ఉన్న సాక్ష్యాన్ని ఊరికే ఉండలేక చెడగొట్టింది నేను. ఇంకో నిజం కూడా ఒప్పుకోవాలి, అనుమానం నాకూ వచ్చింది. బాబా ఎప్పుడూ ఆరు వేళ్ళ మాట చెప్పలేదు. ఈ శుక్రవారం ఫైసల్ మళ్ళీ వస్తాడు. నాకు సెలవు కూడా అదే రోజు.

తొమ్మిదీ ముప్పై ఐదుకు బస్సు దొరికింది. టికెట్టు పావు దినార్ చిల్లర. నంబరు రాయడం లేదు, అవి మారుతుంటాయి, తర్వాత నన్ను తిట్టుకుంటారు. సెలవు రోజు కఫీల్ కారు ముట్టుకోకూడదు కాబట్టి డ్రైవర్లు బస్సులోనే తిరగాలి. డ్రైవరుకు బస్సు ప్రయాణం పెద్ద శిక్ష. మలుపు వచ్చినప్పుడల్లా నా కుడికాలు ముందు సీటు కింద బ్రేకు వెతుక్కుంటుంది. ఆ బస్సు నడిపేవాడు ఇండికేటరు వేయడం పరువు తక్కువ అనుకునే రకం. ఐదో రింగ్ రోడ్డు ఎక్కేలోపల వాడి మీద నాకు పదకొండు ఫిర్యాదులు తయారయ్యాయి.

పక్క సీటులో చిట్వేలి దగ్గర నుంచి వచ్చిన సుబ్బమ్మక్క కూర్చుంది. సల్వాలోనే ఇంటి పని, ఇంటి యజమానురాలిని ఇక్కడ మామా అంటారు. పదిహేను రోజులకొక శుక్రవారం బయటికి పంపుతారట. కవర్లో నుంచి తొంగి చూస్తున్న ఫోటో ఆమె కంట్లో పడింది.

"యాడికి పోతాండావు నాయనా? ఈ తెల్లాయన మీ కఫీలా?"

కాదక్కా, సినిమా హీరో అని మొదలుపెట్టాను. దారి పొడుగూ ఉంది, చరిత్రా ఉంది. చెప్పుల కొట్లో పని మానుకుని సినిమాల ఊరికి పోయిన సంగతి, అసలు హీరోకు దెబ్బ తగలకుండా ఆయన బట్టలు వేసుకుని ఈయన గుర్రం మీద నుంచి పడిన సంగతి చెప్పాను. ముప్పై మూడుసార్లు పడ్డాడని బాబా లెక్క.

"పడేది ఈయన, పేరు ఆయనకా?" అంది సుబ్బమ్మక్క. "మా ఇంట్లో గూడా అంతే. బిర్యానీ నేను చేస్తా. వచ్చినోళ్ళు మామాను మెచ్చుకొని పోతారు."

"ఒక దినం అసలు హీరోకు జలుబు చేసిందక్కా. గొంతు రాలేదు. ఈయన్నే మాట్లాడమన్న్యారు. ఆ దినం నుంచి హీరో."

ఆమె వేళ్ళ మీద ఏవో ఏళ్ళు లెక్కపెట్టింది. బస్సు మాలియా చేరుతుంటే లేచి పైట సర్దుకుంటూ చెప్పింది. "మా మామాకు ఏడేండ్లుగా జలుబే రాలేదు. గట్టి మనిషి."

మాలియా బస్టాండులో పదిన్నరకు దిగాను. అక్కడ నిలబడి తాగే చాయ్ బాగుంటుంది, కానీ కప్పు చిన్నది. పదీ యాభైకి రెండో బస్సు. పదకొండూ పదిహేనుకు రిగ్గైలో దిగి చూస్తే స్టూడియోకు తాళం. జుమ్మా నమాజు టైము అని మరిచిపోయాను. శుక్రవారం రిగ్గై పోయేవాళ్ళు ఒంటిగంట తర్వాత పోండి. నా లాగా మూసిన షట్టరు ముందు గంటన్నర నిలబడి గాజు వెనక ఎవరెవరో పెళ్ళాల పక్కన చేరిన మొగుళ్ళను చూస్తూ గడపవద్దు.

పన్నెండూ నలభైకి పక్కనున్న హోటల్లో బిర్యానీ తిన్నాను. దినార్ మీద పావు. ముక్క మెత్తగా ఉంది, ఉప్పు తక్కువ. అదే బల్ల మీద అమలాపురం వైపు నుంచి వచ్చిన వంటాయన కూర్చుని ఉన్నాడు. ఒంటరిగా తినలేని మనిషి. ఫోటో ఎవరిదని అడిగాడు. హీరో అయ్యాక బక్ హాలరన్ ఏం చేశాడో ఆయనకు చెప్పాను. సినిమా కంపెనీతో ఏడేళ్ళకు కాగితం రాసుకున్నాడు. ఆ ఏడేళ్ళూ వాళ్ళు ఇచ్చిన వేషమే వేయాలి. వేరే కంపెనీలో చేయాలంటే వీళ్ళు ఒప్పుకోవాలి. ఒక్కోసారి ఈయన్ని వేరే కంపెనీకి అద్దెకిచ్చి ఆ డబ్బు వీళ్ళే తీసుకునేవాళ్ళు.

గోదావరాయన ముద్ద నోటి దగ్గర ఆపేశాడు. "ఆయ్, మరి ఆయనకీ కఫీల్ ఉన్నాడన్నమాటండి. వేరే చోటికి పోడానికి రిలీజ్ ఇచ్చారా లేదా?"

"ఇవ్వలేదండి. ఏడేళ్ళూ చేయించుకున్నారు."

"పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరేనాండి?"

అది బాబా చెప్పలేదు. పదకొండేళ్ళు విని ఇంత ముఖ్యమైన సంగతి అడగలేదని సిగ్గేసింది. ఆయన తల ఆడిస్తూ మిగిలిన బిర్యానీ తిని, చేయి కడుక్కుని వచ్చి నా భుజం తట్టాడు. "పెద్ద హీరోకే దిక్కులేదు, మనదెంతండి." పోయేటప్పుడు ఏడాదిలో ఇంత తేలికగా ఎప్పుడూ అనిపించలేదన్నాడు.

ఒకటీ పదికి బాషాన్న షట్టరు ఎత్తాడు. నేను ఫోటో బల్ల మీద పెట్టి నేరుగా అడిగాను. "అన్నా, నిజం చెప్పు. ఈ ఆరో వేలు నువ్వు పెట్టిండేదేనా?"

ఆయన ముఖం మాడిపోయింది. "రమణా, ఇరవై ఏండ్లుగా ఈ పని చేస్తాండా. బట్టతలకు వెంట్రుకలు పెట్టినా, మెల్లకన్ను సరి చేసినా, సచ్చిపోయినోళ్ళకు కండ్లు తెరిపించినా. వేలు మాత్రం తీసేస్తా గానీ పెంచను. నా పనికి ఒక నీతి ఉండాది."

"మరి పాత ఫోటోలో ఆరు ఉండ్యనా?"

"ఉంటే ఉండొచ్చు. నేను ముఖాలు చూస్తా, చేతులు నాకెందుకు?"

పాత ఫోటో ఇవ్వమన్నాను. దానికి ఆయన నెత్తి గోక్కున్నాడు. సొరుగులన్నీ లాగాడు. చివరికి బయటపడిన నిజమేమిటంటే, అది ఇంకో గిరాకీ కవర్లో కలిసిపోయింది. ఆ కవరు కార్గో పెట్టెలో గాలివీడు చేరి మూడు వారాలయింది. బాషాన్న వెంటనే ఆ ఇంటికి ఫోన్ కలిపాడు. అక్కడి ఆడమనిషి పేరు రెడ్డెమ్మ. ఫోటో ఉందా అని అడిగితే ఉందనింది.

"గోడకు తగిలించినా న్నా. మా ఆయన పంపినాడు గదా. ఆ తెల్లాయన కఫీల్ అనుకున్న్యా. చల్లగుంటే మనకు జీతం సరిగ్గా వస్తాదని శుక్రవారం శుక్రవారం గంధం, బొట్టు పెడతాండా."

నేను ఫోన్ లాక్కున్నాను. "అమ్మా, నడుమ చాయ్ పట్టుకున్న మనిషి చేతికి వేళ్ళు లెక్కబెట్టు."

"కుంకుమ రాలి ఆ చెయ్యి కనపడ్డంల్యా."

"కొంగుతో తుడువు తల్లీ."

తుడుస్తున్న చప్పుడు వినిపించింది. నేనూ బాషాన్న ఒకే ఫోనుకు చెవులు ఆనించి నిలబడ్డాం. ఒకటి, రెండు, మూడు అని ఆమె గట్టిగా లెక్కపెట్టింది. ఐదు తర్వాత ఆగింది. "చిటికెన వేలి పక్కన ఇంకొకటి ఉండాదే. ఆరు." మళ్ళీ లెక్కపెట్టి మళ్ళీ ఆరే అంది.

బాబా అబద్ధం చెప్పలేదు. బాబాను అనుమానించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఈ సంతోషం దివానియాలో చెల్లదు. రెడ్డెమ్మ ఫోనులో ఫోటో తీసి పంపితే అది కూడా కంప్యూటరే అంటాడు ఫైసల్. కాగితం తెప్పించాలంటే ఎవరైనా ఊరి నుంచి రావాలి, అది ఎప్పటికో. ఈ మాట చెప్పుకుని నేను ఏడుపు ముఖం పెడితే బాషాన్న గోడ మీద అంటించిన కార్డు ఫోటోల వైపు చూశాడు.

"ఉండబ్బా. ఇఖామా కార్డు ఫోటోకు ఒక ముసలాయన వస్తాడు. ఎప్పుడూ కుడిచెయ్యి జేబులోనే పెట్టుకోనుంటాడు. పోయినసారి కాలరు సరి చేసుకోమంటే తీసినాడు. నాకు ఆరు కనపడ్య. పేరు ఓబులేసు. అర్దియా గ్యారేజీల కాడ చాయ్ కాస్తాడు."

రెండూ ఇరవైకి టాక్సీ ఎక్కాను. రిగ్గై నుంచి అర్దియా దగ్గరే, దినార్ ఇచ్చాను. అర్దియా షెడ్ల వైపు శుక్రవారం మధ్యాహ్నం సగం షట్టర్లు మూసి ఉంటాయి. మిగిలిన సగంలో కార్లు నోళ్ళు తెరుచుకుని పడి ఉంటాయి. నాకు చూడముచ్చటైన చోటు అదే. ఒక గేర్‌బాక్సు దగ్గర అనవసరంగా ఐదు నిమిషాలు ఆగాను, డ్రైవరు బుద్ధి పోదు. వెనక వరసలో, టైర్ల కుప్ప పక్కన రేకుల గది. గదిలో చాయ్ గిన్నె. గిన్నె వెనక పలచటి ముసలాయన, కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని ఉన్నాడు.

చాయ్ అడిగాను. ఎడమచేత్తో ఇచ్చాడు. తాగుతూ, మెల్లగా ఫోటో తీసి ముందు పెట్టాను. ఆయన వంగి చూశాడు.

"నడుమ నేనుండానే," అన్నాడు. "ఎవురబ్బా నన్ను ఇంత తెల్లగా చేసిండేది?"

మనిషి దొరికాడు. అయినా ఒక పరీక్ష పెట్టాను. "అన్నా, ఈ తెల్లాయన చాయ్‌లో చక్కెర ఎంత?"

"నాలుగు చెంచాలు. యాడ మర్చిపోతా? ఇంకొకటి యెయ్యమన్న్యాడేమోనని నేను చెంచా పట్టుకోనే నిలబడినా."

ఆనందం పట్టలేక, ఈ వేలు దొంగదని మా ఇంట్లో ఒకడు నవ్వాడని ఒక్క గుక్కలో చెప్పి, లే పోదాం అన్నాను. అక్కడే చెడింది. ఓబులేసన్న తువ్వాలు ఇంకా గట్టిగా చుట్టుకున్నాడు.

"వేలు చూపించేదానికి రావాల్నా? నేనేమన్నా తిరునాళ్ళలో ఆటబొమ్మనా? చిన్నప్పటి నుంచి దీన్ని దాపెట్టుకోనే బతికినా. ఇఖామాకు వేలిముద్రలు తీసుకునే కాడ ఆ ఆఫీసరు నలుగుర్ని పిలిచి చూపించినాడు. ఆ మిషను గూడా ఒప్పుకోల్యా. నేను రాను పో."

బతిమాలాను. చాయ్ ఇంకో మూడు తాగాను. దివానియా ఏసీ గురించి చెప్పాను. పోనీ టాక్సీ డబ్బులు నేనే పెట్టుకుంటానన్నాను. ఆయన గిన్నె కడుగుతూ కూర్చున్నాడు తప్ప కదలలేదు. మూడున్నర దాటింది. ఇక లాభం లేదని ఫోటో కవర్లో పెడుతూ ఊరికే అన్నాను. "ఈ ఫోటోలో ఉండే మా బాబా నిన్న రాత్రి అన్న్యాడు న్నా. ఈ తెల్లాయన నిజంగా వచ్చినాడో లేదో నాకే అనుమానమొస్తాందని."

గిన్నె కడగడం ఆగింది.

"ఎవురు, ఆ సన్నగా ఉండే ఆయనా? కూలర్ల కంపెనీలో ఇంగ్లీషు మాట్లాడతాండ్య, ఆయనేనా? ఇంకా ఉండాడా?"

"ఉండాడు. ఎనభై రెండు."

ఓబులేసన్న తువ్వాలు సగం తీసి తన చెయ్యి తానే చూసుకున్నాడు. "ఆ దినం ఫోటో తీసేటోడు నన్ను పక్కకు జరగమన్న్యాడు. చాయ్ పోసేటోనితో ఫోటో ఏందని. నేను జరుగుతాంటే ఆయనే చెయ్యి పట్టుకొని ఆపినాడు. నువ్వు లేకుంటే ఈయన చేతిలో చాయ్ యాడిది, నిలబడు అన్న్యాడు. నీకూ ఒక కాపీ ఇస్తా అన్న్యాడు." చెబుతూ పొయ్యి ఆర్పాడు. "ఆ కంపెనీ మూసేసినారు. నేను ఊరికి పోతి. కాపీ ఇయ్యల్యా. నాది నాకు రావాల గదా. పద."

నాలుగున్నరకు ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. తలకు నూనె కూడా పెట్టాడు. ఐదు దాటాక కానీ టాక్సీ దొరకలేదు. డ్రైవరు పెషావరు మనిషి, ఇండికేటరు వేశాడు, నేను వాడికి మనసులో దండం పెట్టుకున్నాను. దారిలో ఓబులేసన్న ఒక షరతు పెట్టాడు. "నేను చాయ్ ఇస్తా. అంతే. చెయ్యి ఎత్తి చూపించను. చూసేటోడు చూస్తాడు." సరేనన్నాను.

ఐదూ యాభైకి సల్వా. వంటగదిలో ఓబులేసన్న మా టీ పొడి వాసన చూసి ముఖం చిట్లించి, సొంత పద్ధతిలో చాయ్ కాచాడు. నేను ఫోటోను మళ్ళీ గోడకు తగిలించాను. ఆరూ ముప్పైకి ఇషా నమాజు ముగించుకుని ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. బాబా మూలన దిండుకు ఆనుకుని తల వంచుకున్నాడు. ఫైసల్ అందరికంటే ముందే కాళ్ళు చాపుకున్నాడు.

"పెదనాన్నా, ఇవాళ ఏ నటుడు వచ్చాడు మన ఇంటికి?" అన్నాడు. కొందరు నవ్వారు.

ఓబులేసన్న ట్రే పట్టుకుని లోపలికి వచ్చాడు. నా బదులు కొత్త మనిషి ఎందుకని ఎవరూ అడగలేదు. చాయ్ ఇచ్చేవాడి ముఖం ఎవరు చూస్తారు? అలవాటు కొద్దీ ఎడమచేత్తో ఇద్దరికి ఇచ్చాడు. ఫైసల్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి, ట్రే ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో సాసరు అందించాడు.

ఫైసల్ చేయి చాపాడు. చాపినవాడు అందుకోలేదు. సాసరు కింద వేళ్ళను చూశాడు. పెదవులు కదిలాయి, లెక్కపెడుతున్నాడు. గోడ మీద ఫోటో చూశాడు, మళ్ళీ చెయ్యి చూశాడు. తర్వాత ఆ మహానుభావుడు జేబులో నుంచి సెల్‌ఫోను తీసి, ఎదురుగా జానెడు దూరంలో ఉన్న చేతిని ఫోటో తీసి, పెద్దది చేసి చూశాడు. నేను గడప దగ్గర నిలబడి నోరు గట్టిగా మూసుకున్నాను.

"ఇది కూడా కంప్యూటరేనా?" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

ఆ మాటకు బాబా తల ఎత్తాడు. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకున్నాడు. లేవడానికి ఇద్దరు సాయం పట్టే మనిషి ఒక్కడే లేచాడు. వచ్చి ఓబులేసన్న చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ పట్టుకుని అరబ్బీలో లెక్కపెట్టాడు. వాహద్ అని మొదలుపెడితే మూడో వేలికల్లా దివానియా అంతా గొంతు కలిపింది. సిత్తా (ఆరు) అని అందరూ ఒకేసారి అన్నప్పుడు పైకప్పు దీపం ఊగిందని నేను ఇప్పటికీ చెబుతాను, ఎవరూ నమ్మరు. బాబా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకైతే కారిపోయాయి.

"కాపీ," అన్నాడు ఓబులేసన్న, పాతకాలపు అరబ్బీలో. "కాపీ ఇస్తానన్నావు."

బాబాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై, ఎంత నవ్వాడంటే దగ్గు వచ్చింది. గోడ మీద ఫోటో తానే తీసి ఆయన చేతిలో పెట్టాడు. పెట్టి, తన దిండు పక్కన కూర్చోబెట్టుకున్నాడు. చాయ్ సగం మందికి అందలేదు కాబట్టి మిగిలిన ట్రే ఫైసల్‌కు ఇచ్చి పంచమన్నాడు. కంప్యూటర్ల ఉద్యోగి చాయ్ పోయడం నేను చూశాను. సాసర్లలోనే ఎక్కువ పోశాడు.

అందరూ సర్దుకున్నాక బాబా గొంతు సవరించుకున్నాడు. "బక్ హాలరన్ మొదట ఒక చెప్పుల కొట్లో పనిచేసేవాడు," అని మొదలుపెట్టాడు. ఈసారి ఒక్కరూ నవ్వలేదు, నాకు తెలిసిన చరిత్రే అయినా నేనూ గడపలో కూర్చుని మొదటి నుంచి విన్నాను. నడుమ ఒకసారి ధైర్యం చేసి, సినిమా కంపెనీ వాళ్ళు ఆయన పాస్‌పోర్టు పెట్టుకున్నారా అని అడిగాను. బాబా చాలా మంచి ప్రశ్న అన్నాడు, జవాబు చెప్పలేదు.

ఎనిమిదింటికి తిరుగు ప్రయాణం. బాబా హుకుం మీద పెద్ద కారులోనే ఓబులేసన్నను అర్దియాకు తీసుకుపోయాను. సెలవు రోజు కఫీల్ కారు నడపడం పదకొండేళ్ళలో ఇదే మొదటిసారి. ఐదో రింగ్ రోడ్డు మీద ప్రతి మలుపుకూ ఇండికేటరు వేశాను. మొత్తం మీద రెండు బస్సులు, రెండు టాక్సీలు, ఒక బిర్యానీ, ఐదు చాయ్‌లు. కువైట్‌లో ఇంతకంటే మంచి శుక్రవారం నాకు గడవలేదు. వీలైనవాళ్ళు అర్దియా పోయి ఆ చాయ్ తాగండి. ఆయన ఇప్పుడు కుడిచేత్తో ఇస్తాడు.

ఓబులేసన్న ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, వీధి దీపం వచ్చినప్పుడల్లా ఎత్తి చూసుకుంటున్నాడు. "ఇంతకీ రమణా, ఈ తెల్లాయన చేసే పని ఏంది?"

నలభై ఏళ్ళు ఆయనకు ఆ సంగతే తెలియదు, బాబా చరిత్ర చెప్పినంతసేపూ ఫోటోనే చూసుకుంటూ కూర్చున్నాడు. సినిమాల్లో గుర్రాల మీద నుంచి పడేవాడన్నా అని చెప్పాను. పాపం అన్నాడు. ఇంకో రెండు దీపాలు దాటాక మళ్ళీ ఫోటో ఎత్తాడు.

"నాకన్నీ గుర్తుండాయి. ఆ హోటలు, ఆ చక్కెర, ఆయన టోపీ. కానీ ఆ దినం మా కాళ్ళ కాడ ఈ బాతులు ఉన్నట్టు మాత్రం గుర్తే ల్యా."

"ఉన్న్యాయన్నా," అన్నాను, ఇండికేటరు వేస్తూ. "నువ్వు చాయ్ పోసే పనిలో పడి చూసుకోల్యా."